ఆన్‌లైన్ స్నేహితులతో అనంతపురంలో ఒక రోజు: మధ్యాహ్నం కొరియా భోజనం, సాయంత్రం పాతూరు మార్కెట్

వంటల గ్రూపులో మేం ఐదుగురం మూడేళ్లుగా మాట్లాడుకుంటున్నాం. ఎవరింట్లో ఊరిబిండి ఎంత బరకగా నూరుతారో, ఎవరి బాబుకు పాలు పడవో, ఎవరి అత్తగారికి ఉగ్గానిలో నిమ్మకాయ పిండితే నచ్చదో మాకు తెలుసు. కానీ ఒక్క పూట కూడా ఎదురెదురుగా కూర్చుని తినలేదు. తీరా మొదటిసారి కలిసినప్పుడు ఆ రోజు అనుకున్నట్టు సాగలేదు. ఒక హోటల్లో కూర్చున్నాం, ఎవరికి కావాల్సింది వాళ్లు చెప్పుకున్నాం, ఎవరి ప్లేటు వాళ్లు తిన్నాం, గంటలో లేచాం. ఫోన్లో రాత్రి పదకొండు దాకా కబుర్లు చెప్పుకునేవాళ్లం, ఎదురుగా కూర్చున్నాక మాటల కోసం వెతుక్కున్నాం. ఇంటికొచ్చాక చాలా బాధేసింది.

రెండోసారి పద్ధతి మార్చాం. కొరియా భోజనం పెట్టుకున్నాం. ప్లేట్లన్నీ బల్ల మధ్యలో, అందరికీ కలిపి. ఆ తర్వాత పాతూరు మార్కెట్‌కు వెళ్లి, తిన్న రుచుల్లో ఏవి మన సరుకులతో వస్తాయో వెతికాం. పొద్దున పదకొండుకు కలిసినవాళ్లం రాత్రి ఏడున్నరకు బస్టాండులో విడిపోయాం. ఆ రోజు మేం చేసిన పనులన్నీ, చేయకుండా ఉండాల్సినవీ వరుసగా రాస్తున్నాను. మీది వేరే ఊరైనా, కొరియా బదులు చైనా, థాయ్ వంటలైనా ఈ క్రమం పనికొస్తుంది.

కొరియా భోజనమే ఎందుకు

అనంతపురానికి ఈ వంటలు కియా కార్ల కర్మాగారంతో వచ్చాయి. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో ఆ కర్మాగారానికి 2017లో ఒప్పందం కుదిరింది, 2019లో కార్లు బయటికి వచ్చాయి. దానితోపాటే కొరియా నుంచి ఉద్యోగులు, వాళ్ల కుటుంబాలు, వాళ్లకు వండిపెట్టే హోటళ్లూ వచ్చాయి. 2022లో జిల్లాలు విడిపోయాక పెనుకొండ శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లింది గానీ, మా నోట్లో అదంతా ఇంకా అనంతపురమే.

కొరియా భోజనంలో నాకు బాగా నచ్చింది దాని అమరిక. అన్నం, సూప్ ఎవరివి వాళ్లకు వస్తాయి. మిగిలినవన్నీ చిన్న చిన్న గిన్నెల్లో మధ్యలో పెడతారు. ఆ గిన్నెల్లోని నంజుళ్లను బన్‌చాన్ అంటారు. కిమ్చి, మొలకలు, పాలకూర, ముల్లంగి, ఇలా నాలుగైదు రకాలు ఉంటాయి. ఒక గిన్నె అందుకోవాలంటే పక్కవాళ్లను అడగాలి. "అక్కా, ఆ ముల్లంగి ఇట్లా జరుపు" అన్న మాటతోనే బిడియం సగం పోతుంది. కొత్త మనుషులు కలిసే రోజుకు ఇంతకంటే మంచి భోజనం నాకు తోచలేదు.

మొదట మనుషులు, రోజు, బస్సు

నలుగురి నుంచి ఆరుగురి వరకే ఉండండి. ఆరు దాటితే బల్ల రెండు ముక్కలవుతుంది, ఒక వైపు మాట ఇంకో వైపుకు చేరదు.

ఎంతకాలం పరిచయమైనా, కలవడానికి ముందు ఒక్కసారైనా అందరూ వీడియో కాల్‌లో మాట్లాడుకోండి. ముఖం చూడకుండా, గొంతు వినకుండా ఎవరినీ నమ్మి బస్సెక్కొద్దు. వీడియో కాల్‌కు పదే పదే సాకులు చెప్పేవాళ్లుంటే ఆ రోజుకు వాళ్లను పిలవకపోవడమే మేలు. ఈ విషయంలో మొహమాటం వద్దు. ఇంట్లో ఒకరికి హోటల్ పేరు, వచ్చేవాళ్ల ఫోన్ నంబర్లు, తిరిగొచ్చే టైము చెప్పి బయలుదేరండి. ఎవరి రాకపోకలు వాళ్లే చూసుకోవాలి, మొదటిసారి ఎవరి కారులోనూ ఎక్కొద్దు. ఇంటి దగ్గర కాకుండా నలుగురూ తిరిగే చోటే కలవండి. మేం సప్తగిరి సర్కిల్ దగ్గర కలిశాం, అక్కడ పగలంతా జనం ఉంటారు.

రోజు విషయానికొస్తే, నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్యలో పెట్టుకోండి. మార్చి దాటాక అనంతపురం ఎండలో మధ్యాహ్నం మార్కెట్ తిరగడం పెద్దవాళ్లకు ప్రమాదం. ఆదివారం కంటే శనివారం నయం. కొరియా హోటళ్లలో ఆదివారం వాళ్ల కుటుంబాలతో నిండిపోతుంది, కొన్ని చోట్ల సెలవు కూడా ఉంటుంది.

కర్నూలు నుంచి వచ్చేవాళ్లకు 44వ నంబరు జాతీయ రహదారి మీద సుమారు 150 కిలోమీటర్లు. రైలైతే డోన్, గుత్తి మీదుగా వస్తుంది. కడప నుంచి బస్సులో నాలుగు గంటలు పట్టొచ్చని లెక్క వేసుకోండి. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి ఆర్టీసీ బస్సుల్లో టికెట్ డబ్బులు లేవు. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపిస్తే కండక్టర్ జీరో టికెట్ ఇస్తారు. మా కర్నూలు అక్క రావడానికి ఇది చాలా పెద్ద కారణం. రానూపోనూ ఖర్చు లేదంటే ఇంట్లో ఒప్పించడం తేలికైంది. సూపర్ లగ్జరీకి మాత్రం ఇది వర్తించదు, ఎక్కేముందు బోర్డు చూసుకోవాలి.

ఎవరు ఏం తినరో వారం ముందే రాసిపెట్టుకోండి

ఈ మార్గదర్శిలో ఒక్క భాగమే చదువుతానంటే ఇదే చదవండి. కొత్త వంట తినడానికి పిలిచి, తీరా బల్ల దగ్గర ఒకరు ఖాళీ ప్లేటు ముందు కూర్చుంటే ఆ రోజంతా పాడైనట్టే.

మా ఐదుగురిలో కడప నుంచి వచ్చిన వదిన పూర్తి శాకాహారి, గుడ్డు కూడా తినదు. కర్నూలు అక్క ముస్లిం, హలాల్ కాని మాంసం ముట్టదు. తాడిపత్రి తమ్ముడికి నువ్వులు పడవు. హిందూపురం అమ్మాయి, నేను అన్నీ తింటాం. ఇంత చిన్న గుంపులోనే ఇన్ని రకాలు. "నువ్వు వెజ్జా, నాన్ వెజ్జా" అన్న ఒక్క ప్రశ్నతో ఇది తేలదు. అందరినీ విడివిడిగా అడగండి: ఏ మాంసం తినరు, గుడ్డు, చేప, రొయ్య సంగతేంటి, వేరుశనగ, నువ్వులు, సోయా, గోధుమ పడతాయా, మద్యం కలిసిన సాస్ అభ్యంతరమా.

కొరియా వంటలో ఇవి ఎక్కడెక్కడ దాక్కుంటాయో చెబుతాను.

కిమ్చి చూడ్డానికి క్యాబేజీ పచ్చడి. కానీ మామూలుగా అందులో చేపల సాస్ గానీ, ఉప్పులో ఊరబెట్టిన చిన్న రొయ్యలు గానీ వేస్తారు. శాకాహారులు దాన్ని కూరగాయే కదా అని తినేస్తారు, చాలామందికి ఈ సంగతి తెలియదు. సూపులు, పులుసులు చాలావరకు ఎండు నెత్తళ్లు, సముద్రపు నాచు ఉడికించిన నీళ్లతో మొదలవుతాయి. గిన్నెలో చేప కనపడదు, రుచి మాత్రం దానిదే.

సోయాసాస్‌లో గోధుమ ఉంటుంది. నువ్వుల నూనె దాదాపు ప్రతి నంజులోనూ పడుతుంది. మా తమ్ముడి విషయంలో ఇదే అన్నిటికంటే పెద్ద టెన్షన్. మాంసం నానబెట్టే సాసుల్లో బియ్యపు సారా కలుపుతుంటారు.

బల్ల మీదే మాంసం కాల్చుకునే పొయ్యి ఉన్నచోట, దాని మీద ఎక్కువగా కాల్చేది పందిమాంసం. మీరు కోడి చెప్పినా అదే పెనం. కర్నూలు అక్క కోసం మేం ఆ పొయ్యి జోలికే వెళ్లలేదు. ఆమె "మీరు తినండి, నాకేం పర్వాలేదు" అంది. అయినా వద్దనుకున్నాం. ఆమె దూరంగా జరిగి కూర్చుంటే మేం తినేది మాకు దిగదు.

ఇవన్నీ ఒక కాగితం మీద రాసి, ఆ హోటల్‌కు రెండు రోజుల ముందు, మధ్యాహ్నం మూడు నాలుగు మధ్య ఫోన్ చేయండి. ఆ టైములో వంటవాళ్లకు తీరిక ఉంటుంది. "వెజ్ ఉందా" అని అడిగితే అందరూ ఉందనే అంటారు. "చేపల సాస్ లేకుండా కిమ్చి ఉందా, నువ్వుల నూనె వేయకుండా ఏం చేయగలరు, కోడి హలాల్ దుకాణం నుంచి తెస్తారా" అని ఒక్కొక్కటిగా అడగాలి. జవాబు తడబడితే ఆ వంటకం వదిలేయండి. మేం ఫోన్ చేసినచోట వంటాయన నిజాయితీగా "కోడి హలాల్ కాదమ్మా" అన్నాడు. దాంతో ఆ రోజు అందరం శాకాహారం, గుడ్డు, చేప వరకే అని తేల్చుకున్నాం. తమ్ముడికి విడిగా నూనె లేకుండా ఒక గిన్నె, చేతులు కడుక్కుని, వేరే గరిటెతో చేస్తామన్నారు. నువ్వుల వాసనకే ఊపిరి ఆడని మనిషైతే మాత్రం కొరియా హోటల్‌కు తీసుకెళ్లొద్దు, చోటే మార్చండి.

ఏం చెప్పాలి, ఎంత చెప్పాలి

లెక్క తేలిక. మనుషుల సంఖ్య కంటే ఒకటి తక్కువ వంటకాలతో మొదలుపెట్టండి. ఐదుగురికి నాలుగు. అవి సగం అయ్యాక ఇంకొకటి. మొదటే ఎనిమిది చెప్పేస్తే సగం చల్లారిపోతాయి, కొరియా వంటలు చల్లారితే ఆ రుచి ఉండదు.

మేం చెప్పినవి ఇవి. బిబింబాప్ అంటే అన్నం మీద రకరకాల కూరగాయలు పేర్చి, పైన ఎర్రటి కారం ముద్ద వేసి ఇస్తారు. దాన్ని తినేముందు బాగా కలపాలి. మనం పప్పన్నం కలిపినట్టు, అడుగు నుంచి పైకి, ఒక్క మెతుకు తెల్లగా మిగలకుండా. వదిన కోసం ఒకటి గుడ్డు లేకుండా చెప్పాం. చప్చే అంటే చిలగడదుంప పిండితో చేసిన గాజులాంటి నూడుల్స్, తియ్యగా ఉంటాయి. పాజాన్ అంటే ఉల్లికాడల అట్టు. మా అందరికీ ఇదే ఎక్కువ నచ్చింది, ఎందుకంటే చూడగానే మన ఇంటి అట్టే. తొక్‌పొక్కి బియ్యప్పిండి ముక్కలను కారం సాస్‌లో ఉడికించేది. సాగుతుంది, కొందరికి నచ్చదు, అందుకే ఐదుగురికి ఒక్క ప్లేటు చాలు. ఐదో వంటకంగా చివర్లో చేప వేపుడు చెప్పాం.

ఎర్ర ముద్ద పేరు గోచుజాంగ్. ఎండు మిరపపొడి, జిగురు బియ్యం, పులియబెట్టిన సోయా గింజలు, ఉప్పు కలిపి ఊరబెడతారు. అంత ఎర్రగా ఉంటే రాయలసీమ వాళ్లం కూడా జంకుతాం, కానీ నాలుక మీద పెడితే కారం కంటే తీపే ముందు తెలుస్తుంది. మిరపకాయ వాళ్ల నేలదీ కాదు, మన నేలదీ కాదు. అమెరికా ఖండాల నుంచి సముద్రం దాటి రెండు దేశాలకూ వచ్చిన పంట. వాళ్లు దాన్ని పులియబెట్టారు, మనం రోట్లో వేసి దంచాం.

నంజుళ్ల గిన్నెలు ఖాళీ అయితే కొరియాలో డబ్బు తీసుకోకుండా మళ్లీ నింపుతారు. మన దగ్గర అన్నిచోట్లా అలా ఉండదు. "మళ్లీ వేస్తే బిల్లు వేస్తారా" అని ముందే సర్వర్‌ను అడగండి.

తినేటప్పుడు

కొరియా చాప్‌స్టిక్స్ స్టీలువి, సన్నగా, పలకగా, జారుతూ ఉంటాయి. అన్నం, సూప్ వాళ్లే చెంచాతో తింటారు. చాప్‌స్టిక్స్ నంజుళ్లకు మాత్రమే. కాబట్టి చెంచా తీసుకుంటే తప్పేమీ లేదు. లెట్యూస్ ఆకులో అన్నం, కూర, కాస్త సాస్ పెట్టి మడిచి నోట్లో వేసుకునేది మాత్రం చేత్తోనే తినాలి, అదీ ఒక్క బుక్కలో. తమలపాకు చుట్టే చేతికి అది నేర్పాల్సిన పని లేదు.

మర్యాదలు రెండు మూడు గుర్తుంచుకోండి. బల్ల దగ్గర పెద్దవాళ్లు చెంచా ఎత్తాకే మిగతావాళ్లు మొదలుపెడతారు. అన్నం గిన్నెను చేతిలోకి ఎత్తరు, బల్ల మీదే ఉంచుతారు. చాప్‌స్టిక్స్‌ను అన్నంలో నిలువుగా గుచ్చకూడదు, అది చనిపోయినవాళ్లకు పెట్టే తీరు. పెద్దవాళ్లకు ఏదైనా అందిస్తే రెండు చేతులతో ఇవ్వాలి. తినేముందు "చాల్ మొగ్గెస్సుమ్నిదా" అంటారు, బాగా తింటాను అని అర్థం. లేచేటప్పుడు "కంసాహమ్నిదా" అంటే కృతజ్ఞతలు. పక్క బల్ల దగ్గర ఒక కొరియా పాప వాళ్ల నాన్నను "అప్పా" అని పిలిచింది. వాళ్ల భాషలోనూ నాన్నను పిలిచే మాట అదే. "ఏమప్పా, రాప్పా" అంటూ పెరిగిన మేం ఐదుగురం ఒకేసారి అటు తిరిగాం.

ఇక మాట సంగతి. మొదటి పది నిమిషాలు ఫోన్లు సంచిలో పెట్టేయాలని ముందే ఒప్పుకున్నాం. ఫోటోలు తీయాలంటే వంటకాలు వచ్చిన వెంటనే ఒక్కరే తీసి తర్వాత అందరికీ పంపాలి. మనుషుల ముఖాలున్న ఫోటో బయట పెట్టేముందు ప్రతి ఒక్కరినీ అడగాలి. కర్నూలు అక్క తన ముఖం ఎక్కడా వద్దంది. ఆమె చేతులు, ముందున్న గిన్నె ఉన్న ఫోటో ఒకటి తీశాం, అది ఆమెకు చాలా నచ్చింది. ఎక్కడున్నారో తెలిసేలా అక్కడి నుంచే ఏదీ పెట్టొద్దు, ఇంటికెళ్లాక పెట్టుకోండి.

ప్రతి వంటకానికీ ఒక్కొక్కరు ఒక్క మాట చెప్పాలని పెట్టుకున్నాం: "ఇది మా ఇంట్లో దేన్ని గుర్తు చేస్తోంది?" ఇది తప్పకుండా చేయండి. వదిన ముల్లంగి నంజు తిని వాళ్ల అమ్మ పెట్టే ముల్లంగి పచ్చడి గురించి చెప్పింది. తమ్ముడు సాగే బియ్యం ముక్కలు తిని చిన్నప్పుడు తాడిపత్రిలో వినాయక చవితికి చేసే కుడుముల గురించి చెప్పాడు. మూడేళ్లలో గ్రూపులో ఎవరూ రాయని సంగతులు అవి.

బిల్లు

సమానంగా పంచుకుంటామని ముందే చెప్పుకోండి, ఒకరు కట్టి మిగతావాళ్లు అక్కడికక్కడే ఫోన్‌పేలో వేసేయాలి. "తర్వాత ఇస్తాలే" అంటే స్నేహంలో చిన్న ముల్లు పడుతుంది. భోజనం మీద 5 శాతం జీఎస్టీ మామూలే. సర్వీస్ ఛార్జీ మాత్రం మీ ఇష్టం. దాన్ని బిల్లులో తప్పనిసరిగా వేయకూడదని వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలో చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా ఆ మాటే నిలబెట్టింది. మన కోసం వేరే గరిటె పెట్టి వండిన వంటాయనకు ఇవ్వాలనిపిస్తే నేరుగా చేతిలో పెట్టండి.

తిన్న తర్వాతే మార్కెట్

చాలామంది పొద్దున్నే మార్కెట్, తర్వాత భోజనం అంటారు. కూరగాయలు తాజాగా ఉంటాయని వాళ్ల వాదన. నేను ఒప్పుకోను. తినకముందు మార్కెట్‌కు వెళ్తే ఎవరి ఇంటి సరుకుల చీటీ వాళ్లు పట్టుకుని తిరుగుతారు. తిన్నాక వెళ్తే అందరూ ఒక్క దానికోసమే వెతుకుతారు: "ఆ రుచి ఎక్కడిది?" పైగా భోజనానికి ముందు కొన్న ఆకుకూరలు హోటల్లో కూర్చున్న రెండు గంటల్లో వాడిపోతాయి.

మధ్యలో గంటన్నర విరామం ఉండాలి. ఎండ తగ్గేదాకా చల్లగా ఒక చోట కూర్చుని చీనీకాయ రసం తాగండి. అనంతపురంలో బత్తాయిని చీనీ అంటాం, ఈ జిల్లా తోటల పంట అది, ఇక్కడ తాగకుండా వెళ్లొద్దు.

నాలుగున్నరకు పాతూరుకు వెళ్లాం. వెళ్లేముందు చేసినవి రెండు. మనిషికి 200 రూపాయలు కలిపి ఒకరి దగ్గర చిల్లరగా పెట్టాం. ప్రతి ఒక్కరికీ ఒక సరుకు అప్పగించాం, ఆ సరుకు గురించి బేరం, ఎంపిక అంతా వాళ్లదే. ఎవరికి దేనిలో నేర్పు ఉందో అప్పుడు బయటపడుతుంది. గ్రూపులో ఎప్పుడూ నాలుగు మాటలు కూడా రాయని హిందూపురం అమ్మాయి ఎండుమిర్చి దగ్గర అందరికీ పాఠం చెప్పింది.

ఎండుమిర్చి నుంచే మొదలుపెడతాను, ఎందుకంటే కిమ్చి రంగు, రుచి దానిమీదే ఉంటాయి. కొరియా మిరపపొడి ముదురు ఎరుపు, కారం మధ్యస్థం, కాస్త తీపి. గుంటూరు మిర్చితో చేస్తే నోరు మండి మిగతా రుచులేవీ తెలియవు. కర్ణాటక సరిహద్దు దగ్గర ఉన్నందుకు మనకు బ్యాడిగి మిర్చి సులువుగా దొరుకుతుంది. ముడతలు ముడతలుగా, ముదురు ఎరుపుగా ఉంటుంది, రంగు ఎక్కువ, కారం తక్కువ. ఆ అమ్మాయి ఒక కాయ తుంచి, వేలితో రుద్ది, రంగు చూసి, వాసన చూసింది. "తొడిమ పచ్చగా ఉండేది తీసుకోవద్దు, తడి ఉంటది, బూజు పడతది" అంది. అంగడామె నవ్వి, "బాగా తెలిసినపాపే, నీకు ఇంకో గుప్పెడు వేస్తా తీస్కో" అని వేసింది. ఇంటికెళ్లాక గింజలు తీసేసి, ఒక పూట ఎండబెట్టి, మెత్తగా కాకుండా రవ్వలా పొడి చేయాలి.

క్యాబేజీ. కొరియా వాళ్లది పొడుగాటి నాపా క్యాబేజీ, పాతూరులో దొరక్కపోవచ్చు. మన గుండ్రటిదే తీసుకోండి, మరీ గట్టిగా రాయిలా ఉన్నది కాకుండా ఆకులు కాస్త వదులుగా ఉన్నది. దానితో పాటు తెల్ల ముల్లంగి. ముక్కలు కోసి కారం పట్టించే ముల్లంగి కిమ్చి కొరియాలో కూడా ఉంది, మన ముల్లంగితో అది క్యాబేజీ కిమ్చి కంటే బాగా కుదురుతుంది. ముల్లంగి తీసుకునేటప్పుడు గోటితో నొక్కండి, రసం రావాలి. ఉల్లికాడలు, అల్లం, వెల్లుల్లి ఎలాగూ ఉంటాయి. కర్నూలు అక్క ఇంటి నుంచే రెండు కిలోల ఉల్లిపాయలు తెచ్చింది, కర్నూలు మార్కెట్ ఉల్లి ముందు ఇంకేదీ ఆమెకు ఆనదు.

బియ్యం దగ్గర ఆగాలి. కొరియా అన్నం పొట్టి గింజ, అంటుకుంటుంది. మన సోనామసూరి పొడిపొడిగా ఉంటుంది, పాత బియ్యమైతే మరీ. అందుకే అంగట్లో "కొత్త బియ్యం ఉన్నాయా" అని అడగండి. ఇంట్లో అందరూ అన్నం ముద్దవుతుందని తిట్టుకునే కొత్త బియ్యమే ఇక్కడ పనికొస్తుంది.

నువ్వుల నూనె సంగతి చాలామంది పొరపాటు పడతారు. మన గానుగ నూనె పచ్చి నువ్వులది, కొరియాది వేయించిన నువ్వులది, వాసన పూర్తిగా వేరు. గానుగ నూనె పోస్తే ఆ రుచి రాదు. దానికి బదులు నువ్వులు దోరగా వేయించి, నలిపి పైన చల్లండి, చాలా దగ్గరగా వస్తుంది. గోచుజాంగ్, సముద్రపు నాచు మాత్రం ఆన్‌లైన్‌లోనే తెప్పించుకోవాలి, వాటికి ఇక్కడ బదులు లేదు.

కొరియా వెతుకులాట అయ్యాక మన సరుకులకు వెళ్లాం. దూరం నుంచి వచ్చినవాళ్లను వేరుశనగకాయలు కొనకుండా పంపొద్దు. మా దగ్గర చెనిక్కాయలంటాం, కర్నూలులో బుడ్డలంటారు, రెండూ ఒకటేనని వాదించుకోవడానికే పది నిమిషాలు పట్టింది. ఒకటి వలిచి తినే హక్కు కొనేవాళ్లకు ఎప్పుడూ ఉంటుంది. గింజ నిండుగా, పొర పలచగా ఉండాలి. వదిన కడప నుంచి తలా ఒక పొట్లం పసుపు కొమ్ములు తెచ్చింది. బదులుగా ఆమెకు అనంతపురం రాగిపిండి, చెనిక్కాయలు సంచి నిండా కట్టాం.

మార్కెట్లో అమ్మేవాళ్ల ఫోటో తీయాలన్నా అడిగే తీయండి. ఏమీ కొనకుండా ఫోటోలు మాత్రం తీసుకుంటూ తిరగొద్దు, అది వాళ్ల బతుకుతెరువు. సంచులు ఇంటి నుంచి గుడ్డవి తెచ్చుకోండి, ఒకటి ఎక్కువే తెచ్చుకోండి. ధర్మవరం చీరలు చూద్దామని ఎవరో ఒకరు అంటారు. ధర్మవరం దగ్గరే, కానీ దానికి ఒక రోజు కావాలి, ఈ రోజులో ఇరికించొద్దు.

మరీ రాత్రి కాకముందే లెక్క చూసుకుని, మిగిలిన చిల్లర పంచుకుని, అందరినీ బస్టాండుకు చేర్చాలి. చివరి బస్సు కోసం చూడొద్దు, దానికి ముందు బస్సే మీ బస్సు. ఇల్లు చేరాక ప్రతి ఒక్కరూ "చేరాను" అని పెట్టేదాకా పిలిచినవాళ్లు పడుకోకూడదు. ఆ రాత్రి పదకొండున్నరకు కడప నుంచి ఆ మాట వచ్చాకే నేను లైటు తీశాను.

మరుసటి రోజు: ఐదు ఇళ్లలో ఒకే కిమ్చి

కొరియాలో శీతాకాలానికి ముందు అందరూ కలిసి కిమ్చి పెట్టుకోవడాన్ని కిమ్‌జాంగ్ అంటారు. 2013లో యునెస్కో దాన్ని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. మన ఇళ్లలో ఆవకాయ పెట్టే రోజు ఎలా ఉంటుందో అలాగే. అందుకే ఆదివారం మధ్యాహ్నం వీడియో కాల్ పెట్టుకుని ఐదుగురం ఒకేసారి చేశాం. కొలతలు ఇవి.

క్యాబేజీ, ముల్లంగి కలిపి ఒక కిలో ముక్కలకు 30 గ్రాముల కల్లుప్పు. కలిపి రెండు మూడు గంటలు ఉంచండి, మధ్యలో ఒకసారి తిరగేయండి. ముక్క వంచితే విరగకుండా వంగాలి. నీళ్లు వంపి, ఒక కప్పు పక్కన దాచండి, కడగొద్దు. ఒక పెద్ద చెంచా బియ్యప్పిండిని అర కప్పు నీళ్లలో జావలా కాచి పూర్తిగా చల్లార్చండి. అందులో నాలుగు పెద్ద చెంచాల బ్యాడిగి కారం, ఎనిమిది వెల్లుల్లి రేకలు, అంగుళం అల్లం, చెంచాడు చక్కెర నూరి కలపండి. ఉల్లికాడలు కోసి వేయండి. చేపల సాస్ అక్కర్లేదు, కావాలంటే రెండు చెంచాల సోయాసాస్. గోధుమ పడనివాళ్లు అదీ మానేయొచ్చు. మా తమ్ముడు నువ్వులు లేకుండానే చేశాడు, కిమ్చికి నువ్వులు తప్పనిసరి కాదు.

చేతికి గ్లౌజులు వేసుకుని ముక్కలకు పట్టించి, గాజు సీసాలో గట్టిగా నొక్కండి. ముక్కల పైకి ఊట రావాలి, రాకపోతే దాచిన ఉప్పునీళ్లు పోయండి. సీసా పైన ఐదో వంతు ఖాళీ ఉంచాలి. పులిసేటప్పుడు గ్యాస్ వస్తుంది కాబట్టి రోజుకొకసారి మూత తీసి, శుభ్రమైన చెంచాతో ముక్కలను కిందికి అదమాలి. డిసెంబరులో బయట రెండు రోజులు ఉంచొచ్చు. మన ఎండాకాలంలో ఒక్క పగలు చాలు, తర్వాత ఫ్రిజ్‌లోకి. పైన ఏ రంగు బూజు కనపడినా, కుళ్లిన వాసన వచ్చినా రుచి చూడకుండా పారేయండి. పుల్లటి వాసన మంచిదే.

మంగళవారం పొద్దున ఆరున్నరకు మొదటి ఫోటో వచ్చింది. హిందూపురం అమ్మాయి సీసా మూత తీస్తే బుడగలు పొంగాయి. వదిన తన సీసా ఫోటో కింద "రాగి సంగటిలో నంజుకున్నాను" అని రాసింది. కర్నూలు అక్క దాన్ని ఉగ్గానితో తింది. నేనింకా రుచి చూడలేదు, మా ఇంట్లో ముల్లంగి ఎక్కువ వేశాను, దానికి ఇంకో రోజు పట్టేలా ఉంది. వచ్చే నెల కడపలో కలుద్దామని వదిన అంటోంది, కారం దోశ తినిపిస్తుందట. ఎవరు ఏం తినరో రాసుకున్న కాగితం మాత్రం ఈసారి కూడా నా దగ్గరే ఉంది.